ఇవాళ దిగొచ్చండీ

నివాసుల మరణవార్తను నోటీసు బోర్డుపై అంటించే ముందు కార్యదర్శి లిఖితపూర్వక ఆమోదం పొందవలెనన్నది ఎల్‌బీ నగర్‌లోని మా అపార్ట్‌మెంట్ నియమం. కార్యదర్శిని నేనే. కనుక నాకు నేనే అర్జీ పెట్టుకొని, పరిశీలించి, ఆమోదించాను: మా పై అంతస్తు పెద్దాయన మొన్న ఆదివారం కన్నుమూశారు.

ఆయన కాకినాడ వైపు మనిషి. ఉద్యోగమంతా అండమాన్‌లోని ఒక చిన్న దీవిలో చేశారు. ముఖానికి అద్దం, నోట్లో గొట్టం పెట్టుకొని, నీళ్లపై బోర్లా తేలుతూ పగడాలను చూడటం ఆయనకున్న ఏకైక వ్యసనం. ఇక్కడ స్థిరపడ్డాక కూడా రోజూ పొద్దున్నే అక్కడి పడవ మిత్రుడికి ఫోన్ చేసి, తెలుసుకున్నది లిఫ్టు దగ్గర నిలబడి ప్రకటించేవారు.

"గాలి నెమ్మది. అల మోకాలెత్తు. నీళ్లు తేటగా ఉన్నాయి. ఇవాళ దిగొచ్చండీ."

సముద్రం లేని ఊళ్లో ఇటువంటి ప్రకటనను నిషేధించే నిబంధన మా బైలాల్లో లేదు. రెండో అంతస్తులోని నల్లగొండ అక్క దాన్ని నమ్మి డాబా మీద వడియాలు పెట్టింది. మధ్యాహ్నానికి వాన కొట్టింది.

"దిగొచ్చన్నవ్ కద సారూ. నా వడియాలే దిగినయ్ నీళ్లల్ల."

"నేను చెప్పింది అక్కడి సంగతమ్మా."

"గక్కడి సంగతి మాకెందుకు చెప్తున్నవ్ మరి?"

"ఎవరికో ఒకరికి చెప్పాలి కదమ్మా."

మర్నాడు ముందుగా అడిగింది ఆమే. "ఇయ్యాల ఎట్లున్నది సారూ, సముద్రం?"

లిఫ్టు తనిఖీ నెపంతో నేనూ రోజూ హాజరయ్యేవాణ్ణి. నా ఇంట్లో నాతో మాట్లాడే మరో గొంతు లేదు. ఈ విషయం మినిట్స్‌లో నమోదు కాలేదు.

అలలు పెద్దవైన రోజున మాత్రం ఆయన ప్రకటించి ఊరుకునేవారు కాదు. వచ్చి నా ఎదుటి కుర్చీలో కూర్చునేవారు. "దిగకూడని రోజు ఒడ్డున ఒక్కరే కూర్చోకూడదండీ. కాళ్లు వాటంతటవే నీళ్లవైపు నడుస్తాయి" అనేవారు. ఆపై ఇద్దరం మాటలు మాని, మెట్రో చివరి స్టేషన్‌లో ఆగే చప్పుడు వింటూ ఉండేవాళ్లం.

అంత్యక్రియలైన మర్నాడు ఆ పడవ మిత్రుడికి నేనే ఫోన్ చేసి కబురు చెప్పాను. అతను విని, అలవాటు కొద్దీ అన్నాడు: "గాలి జోరుగుంది బాబూ. నీళ్లు మసక. ఇవాళ దిగొద్దు."

లిఫ్టు దగ్గర నిలబడి ఉన్నదున్నట్టు ప్రకటించాను. అక్క విన్నది. లోపలికి వెళ్లి, రెండు గ్లాసుల టీతో వచ్చి మెట్ల మీద కూర్చుంది.

కావున సభ్యులకు తెలియజేయునది ఏమనగా, అండమాన్‌లో సముద్రం బాగోలేని రోజున ఈ భవనంలో ఎవరూ ఒంటరిగా టీ తాగరాదు. ఇది తుది నిర్ణయం. అప్పీలు లేదు.