మూడో రోజు తీయని ఈసీజీ

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, తిరుపతిలోని ఒక పెద్దాసుపత్రి గుండె జబ్బుల విభాగంలో నన్ను రెండో యూనిట్ చీఫ్‌గా వేశారు. చీఫ్‌కు సంతకాలు తప్ప పని ఉండదని బయట అనుకుంటారు. రోగిని ఏ రోజు ఇంటికి పంపాలో తేల్చేది ఆ సంతకమే.

మొదటి వారంలోనే ఐరాల దగ్గరి పల్లె నుంచి మునిరత్నం అనే మామిడి రైతు చేరాడు. గుండె పై గదులు లయ తప్పి దడదడ కొట్టుకుంటున్నాయి. నేను సోటలాల్ అనే మాత్ర రాశాను.

ఆ మాత్ర చేసే పని చెబుతాను. గుండె కణం ఒక్కసారి కొట్టుకోవాలంటే సోడియం, కాల్షియం లోపలికి వస్తాయి. తర్వాత పొటాషియం బయటికి పోతే కణం సద్దుమణిగి, మళ్లీ కొట్టుకోవడానికి సిద్ధమవుతుంది. సోటలాల్ ఆ పొటాషియం దారిని కొంత మూస్తుంది. కణం తేరుకోవడం ఆలస్యమవుతుంది కాబట్టి, దారి తప్పి తిరిగే విద్యుత్తుకు ముందుకు పోయే చోటు దొరకదు. లయ కుదురుతుంది. అయితే ఆలస్యం మరీ ఎక్కువైతే, కణం తేరుకోకముందే కొత్త మెరుపు పుట్టి కింది గదులు గింగిరాలు తిరుగుతాయి. అప్పుడు మనిషి కుప్పకూలుతాడు. కుదిర్చే మందే కూల్చగలదు. అందుకే మొదటి మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచి ఈసీజీలు తీస్తాం. తేరుకునే సమయాన్ని క్యూటీ అంటారు. అది కాగితం మీద పన్నెండు చిన్న గడులు దాటితే నేను మాత్ర ఆపేవాణ్ని. మునిరత్నానికి రెండో రోజు పదకొండు వచ్చింది.

ఆ సాయంత్రమే అతను ఇంటికి పోతానని కూర్చున్నాడు. అతని చిన్నాన్న కొడుకు చెంగయ్య బోరు మోటారు కేబులును ఎవరో కోశారు. చెంగయ్య అనుమానం ఇతని మీద. మా జిల్లాలో తగవు తెగకపోతే కాణిపాకం తీసుకుపోతారు. తలస్నానం చేసి, తడిబట్టలతో వినాయకుడి ఎదుట ప్రమాణం చేయాలి. అబద్ధమాడినవాణ్ని దేవుడు ఊరికే వదలడని నమ్మకం.

“సోమారం పొద్దున ప్రమాణముండాది సార్. పోకుంటే నేనే కోసినట్టు ఒప్పుకున్నట్టే గదా.”

నేను కాలేజీ రోజుల నుంచి హేతువాద సభల్లో గొంతు చించుకున్నవాణ్ని. మంచం పక్కన నిలబడి అరగంట వాదించాను. తడిబట్టలకూ సత్యానికీ ఉన్న సంబంధమేమిటని అడిగాను. సాక్ష్యం అంటే ఏమిటో చెప్పాను. అతను మర్యాదగా విన్నాడు.

“మీరు సెప్పేది నిజమే అయ్యుండొచ్చు సార్. మా ఊరు మీ మాట ఇనదు గదా,” అన్నాడు.

నాకు విసుగొచ్చింది. సంతకం పెట్టేశాను. వేరే మాత్ర ఏదైనా వేసుకునే ముందు నన్ను అడగమనీ, వాంతులు, విరేచనాలు పట్టుకుంటే వెంటనే రమ్మనీ చెప్పాలి. అరగంట మాట్లాడిన నేను ఆ రెండు ముక్కలూ చెప్పలేదు.

ఇంటికి పంపిన ఆరో రోజు మధ్యాహ్నం చెంగయ్యే తన వ్యానులో అతన్ని తెచ్చాడు. కేబులు కోయలేదని ప్రమాణం చేసిన రోజు ఉపవాసం. మర్నాటి నుంచి వాంతులు, విరేచనాలు. ఊళ్లో వైద్యం చేసే ఆర్‌ఎంపీ వాంతులకొక సూదీ, విరేచనాలకు యాంటీబయాటిక్ మాత్రలూ ఇచ్చాడు. అవి రెండూ క్యూటీని సాగదీసేవే. విరేచనాలతో ఒంట్లో పొటాషియం పడిపోయింది. వీటి మీద నా మాత్ర, పూట తప్పకుండా. పాలకేంద్రంలో పాలు పోస్తూ అందరి ముందూ పడిపోయాడు. అబద్ధపు ప్రమాణం చేశాడని ఊరు అక్కడికక్కడే తేల్చేసింది.

ఈసీజీలో పదిహేను గడులు. చూస్తుండగానే మానిటర్ మీద గీతలు తాడు పేనినట్టు మెలితిరిగాయి. షాక్ ఇచ్చాం. సోటలాల్ ఆపి, మెగ్నీషియం, పొటాషియం ఎక్కించాం. రెండు రోజులు నాకు కాలు ఒకచోట నిలవలేదు. వార్డు రౌండ్లు సగంలో వదిలి ఐసీయూకు వచ్చేవాణ్ని, గడులు లెక్కపెట్టి పోయేవాణ్ని, పది నిమిషాలకు మళ్లీ వచ్చేవాణ్ని.

మూడో రోజు మునిరత్నం తేరుకున్నాడు. మొదట చెంగయ్యను పిలిపించుకున్నాడు.

“రేయ్ చెంగా, కేబులు నేనే కోసినానని ఊర్లో సెప్పేయ్‌రా. ఆ సామి వదిలేస్తాడు.”

భార్య రాజమ్మ మండిపడింది. “కోయలేదని నాకు తెలుసు గదా. ఎందుకట్ల ఒప్పుకుంటావు?”

“బతకాల గదా మే.”

చెంగయ్య నావైపు తిరిగాడు. “నేను మోటారు కోసరం ప్రమాణమడిగినాను సార్. మనిషి పానం అడగలేదు.”

చేయని తప్పు ఒప్పుకుంటే ఇతను ఆ ఊళ్లో జీవితాంతం దొంగే. డిశ్చార్జి కాగితంలో పొటాషియం తగ్గడం వల్ల వచ్చిందని రాసి ఊరుకోమని విభాగాధిపతి సలహా ఇచ్చారు. అది అబద్ధం కాదు. సగం నిజం.

ఈసీజీ కాగితాలు తెచ్చి ముగ్గురి ముందూ పరిచాను. రాజమ్మ గోటితో గడులు లెక్కపెట్టింది. పాతదానిలో పదకొండు, కొత్తదానిలో పదిహేను. “ఈ నాలుగు గడులు నా మాత్రవీ, ఆర్‌ఎంపీ మందులవీ, విరేచనాలవీ. మూడో రోజు ఈసీజీ తీయకుండా పంపింది నేను. జాగ్రత్తలు చెప్పనిదీ నేనే,” అన్నాను.

చెంగయ్య రెండు కాగితాలనూ మార్చి మార్చి చూశాడు. “అట్లయితే సార్, మీ సేత మరిపించిందెవురు?”

దీనికి ఒకప్పుడు నా దగ్గర అరగంట జవాబుండేది. “నా నోరే అప్పా. దేవుడు లేడని మీ అన్నతో వాదిస్తూ మందు సంగతి మరిచినాను.”

“సూడు, ఆ సామి పేరెత్తితేనే మరుపొచ్చినాది,” అన్నాడు చెంగయ్య. రాజమ్మ నవ్వింది. నేనూ నవ్వాను.

“మరి కేబులు ఎవురు కోసినట్టు?” అని మళ్లీ అడిగాడు.

“అది ఈసీజీలో కనబడదు.”

మునిరత్నం మంచం మీద నుంచి, “అట్లయితే నేను ఒప్పుకోను. నేను కోయలేదు,” అన్నాడు.

“సరే, ముందు లేసి ఇంటికి రా. ఆడ మాట్లాడుకుందాం,” అన్నాడు చెంగయ్య.

డిశ్చార్జి కాగితంలో మందు వల్ల లయ తప్పిందనీ, పరిశీలన గడువు పూర్తికాకుండా పంపామనీ రాసి సంతకం పెట్టాను. దాని నకలును రాజమ్మ ఊరికి తీసుకుపోయింది. ఊరు నమ్మిందో లేదో నాకు తెలియదు.

ఆ తర్వాత నా యూనిట్‌లో మూడో రోజు ఈసీజీ చూడకుండా ఈ మాత్ర మీద ఎవరినీ పంపలేదు. జాగ్రత్తలు తెలుగులో అచ్చు వేయించి, రోగి నోటితో తిరిగి చెప్పించుకునేవాణ్ని. ప్రమాణాలు నిజాన్ని తేల్చవని ఇప్పటికీ అంటాను. ఆసుపత్రిలో మాత్రం ఆ జాగ్రత్తల కాగితం ముందు, వాదం తర్వాత.