కాదనలేని పోలేరయ్య మామ

పోలేరయ్య మామ నోటికి ‘కాదు’ అనే మాట తిరగదు. ‘లేదు’ కూడా అంతే. మిగిలిన తెలుగంతా బ్రహ్మాండంగా వచ్చు. ఈ రెండు మాటల దగ్గరికి వచ్చేసరికి మాత్రం గొంతులో పచ్చి వెలక్కాయ పడుతుంది.

మా ఊరు వాకాడుకు కాస్త ఇవతల, ఇసుక నేలల్లో ఉంటుంది. ఒకసారి పెళ్ళికి పోతున్న పెద్దమనిషి ఒకాయన రోడ్డు మీద మామను ఆపాడు.

“ఏమన్నా, ఈ బస్సు మనుబోలు పోతాదా?”

“పోతాది, ఎక్కు సామీ,” అన్నాడు మామ.

బస్సు గూడూరు వరకే. ఆయన బస్సులు మారి మనుబోలు చేరేసరికి పందిట్లో మజ్జిగ మాత్రం మిగిలిందట. తిరిగొచ్చి మామను పట్టుకున్నాడు.

“పోతాదంటివే!”

“గూడూరులో దిగి ఇంకోటెక్కితే పోతాది. నువ్వు పొయ్యొచ్చినావే సామీ!”

బర్రె బేరం ఇంతకన్నా ఘోరం. వాళ్ళ బర్రె పరమ సాధువు. చంటిపిల్లలు తోక పట్టుకుని ఊగినా చెవి కదపదు. కొనడానికి వచ్చిన మనిషి పళ్ళు చూశాడు, పొదుగు చూశాడు, సంతోషించాడు. బేరం కుదిరే ముందు ఒక్క మాట అడిగాడు.

“తంతాదా అన్నా?”

మామకు చెమటలు పట్టాయి. తన్నదు అంటే కాదన్నట్టేనాయె.

“తంతాది,” అన్నాడు.

వచ్చినాయన చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. మామ పెళ్ళాం పేరమ్మత్త చేతిలో చాట కింద పడేసింది.

“ఎప్పుడు తన్నింది? ఎవుర్ని తన్నింది?”

“జోరీగ కుడితే తంతాదే!”

అందుకని ఆ ఇంట్లో కాదనే పనంతా పేరమ్మత్తే చూసుకుంటుంది. మందు కొట్టే స్ప్రేయరు అరువడిగేవాళ్ళు ఆమె లేని వేళ చూసుకుని మరీ వస్తారు.

ఇలాంటి మనిషి దగ్గరికి పిల్లల్ని పాఠానికి తీసుకుపోవాలన్న బుద్ధి నాకెందుకు పుట్టిందో! నేను గూడూరులో ఒక ప్రైవేటు బడిలో ఐదో తరగతికి సైన్సు చెబుతాను. తిండి ఎక్కడినుంచి వస్తుందంటే మా పిల్లలు సూపర్ మార్కెట్టు అని ఒకే గొంతుతో చెబుతారు. ఇట్లా లాభం లేదు, రైతుల ఇళ్ళకూ చేలకూ తీసుకుపోదామని బడివాళ్ళు అన్నారు. మా ఊరే పోదామని నేనన్నాను.

నా బెంగంతా హీనా గురించి. ఆ పిల్ల తండ్రి షఫీ రైల్వేస్టేషను బయట బండి మీద వేయించిన శనక్కాయలు అమ్ముతాడు. క్లాసులో వేరుశనగ మొక్క బొమ్మ వేయమంటే, హీనా కొమ్మల నిండా కాయలు వేలాడదీసింది, చింతకాయల్లాగా. వినోద్ చూసి నవ్వాడు. వాడితో క్లాసంతా నవ్వింది.

“అమ్మేది శనక్కాయలే, యాడ కాస్తాయో తెలీదు!”

ఆ రోజునుంచి హీనా క్లాసులో నోరు మెదపడం మానేసింది. చేలకు రానని ఏడిస్తే షఫీ బతిమాలి బస్సెక్కించాడు. అందరి ముందూ మొక్క పీకి చూపిస్తే ఆ నవ్వు మళ్ళీ మొదలవుతుంది, ఇక ఆ పిల్ల ఎప్పటికీ నోరు విప్పదు. పోనీ మామ, కొమ్మకే కాస్తాయని ఊరుకున్నాడా, నా సైన్సు గోవిందా. ముందే ఫోన్ చేశాను.

“మామా, పిల్లలు తప్పు చెబితే తప్పని చెప్పాలి.”

“చెప్తా ఉషా,” అన్నాడు. కాదనలేడుగా!

చేలో దిగగానే నేను భయపడ్డదే జరిగింది.

“తాతా, బియ్యం మిల్లులో పుడతాయా?”

“పుడతాయి నాయనా. వడ్లుగా పోయి ఆడ బియ్యంగా పుడతాయి.”

“పెరుగు కూడా బర్రే ఇస్తుందా తాతా?”

“ఇస్తాది. మీ అవ్వ తోడేస్తాది.”

వెనకాలే పేరమ్మత్త “కాదు, కాదు” అని దిద్దుకుంటూ వస్తోంది. తంతుందని పేరుపడ్డ బర్రె దగ్గర పిల్లలు వరస కట్టి పాలు పిండారు. అది నెమరు వేస్తూ నిలబడింది. హీనా మాత్రం దూరంగా ఉండిపోయింది.

శనక్కాయ చేను దగ్గరికి వచ్చాం. వినోద్ ఇందుకోసమే కాచుకుని ఉన్నాడు.

“తాతా, శనక్కాయలు కొమ్మలకు కాస్తాయని హీనా బొమ్మ వేసింది. కాస్తాయా?”

పిల్లలంతా కిసుక్కున నవ్వారు. హీనా తల వంచుకుంది. పేరమ్మత్త “కా” అని నోరు తెరవబోయింది.

“నువ్వుండవే,” అన్నాడు మామ. పెళ్ళాం మాటకు ఆయన అడ్డం రావడం నేను పుట్టి ఎరగను. ఇసుకలో చతికిలబడి, “ఇట్టా రా అమ్మణ్ణీ,” అని హీనాను పిలిచాడు. ఆకులు పక్కకు తీసి పసుపుపచ్చ పువ్వు ఒకటి చూపించాడు.

“ఇది యాడుండాది?”

“కొమ్మకు,” అంది హీనా, వినీ వినపడకుండా.

“పువ్వు వాడినాక ఆణ్ణించి ఈ పుల్ల బయల్దేరతాది. ఊడ అంటాం. కిందికి దిగి ఇసకలో దూరతాది. నీ వేలు పెట్టి దానెంబడే పో.”

హీనా వేలు ఊడ వెంబడే ఇసుకలోకి దిగింది. కాసేపు కెలికింది. తెల్లటి లేత కాయ ఒకటి పైకి తీసింది. అది ఇంకా ఊడను పట్టుకునే ఉంది, ఊడ కొమ్మను పట్టుకునే ఉంది.

“కొమ్మకే ఉంది టీచర్!” అని అరిచింది. ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో! నాకు కళ్ళు చెమర్చాయి.

“భూమిలో గదా ఉండేది తాతా?” అన్నాడు వినోద్, మొహం చిన్నబుచ్చుకుని.

“భూమిలోనే నాయనా. నువ్వు కాయ దాక్కునే చోటు చెప్పినావు. ఈ బిడ్డ అది బయల్దేరిన చోటు చెప్పింది. ఇద్దురూ కలిస్తే చెట్టయింది.”

వినోద్ కూడా హీనా పక్కన కూర్చుని ఊడలు వెతకడం మొదలుపెట్టాడు. ఇన్నాళ్ళూ మామకు కాదనడం చేతకాదనుకున్నాం. అవతలివాడి మాటలో రవ్వంత నిజం ఎక్కడుందా అని వెతుక్కుంటాడనీ, దొరికేదాకా వదలడనీ అప్పుడు తెలిసింది. పెళ్ళిభోజనం పోగొట్టుకున్న ఆ పెద్దమనిషి ఒప్పుకోకపోవచ్చు, నేను మాత్రం ఒప్పుకున్నాను.

పొద్దు వాలేవేళకు బయల్దేరాం. వాళ్ళ అబ్బాకు చూపించాలని హీనా ఒక మొక్కను వేళ్ళతో సహా చున్నీలో చుట్టుకుంది. బస్సు మెట్టెక్కి వెనక్కి తిరిగింది.

“తాతా, చేనంతా తొక్కేసినాం. మళ్ళీ వస్తే నీకు ఇబ్బందా?”

మామకు బర్రె బేరం నాటి చెమటలు పట్టాయి. పేరమ్మత్త వైపు దీనంగా చూశాడు.

“నన్ను చూస్తావేంది? అడిగింది నిన్ను,” అంది అత్త, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

మామ గుటక వేశాడు. మీసం కదిలింది. పిల్లలంతా కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు.

“కా... కాదు,” అన్నాడు. “కాదు అమ్మణ్ణీ. మళ్ళా రండి.”

పేరమ్మత్త నోటి మీది కొంగు జారిపోయింది. బస్సు కదిలిందో లేదో, ఆశగా మామ దగ్గరికి వచ్చింది.

“ఇప్పుడు చెప్పు. మన బర్రె తంతాదా?”

“తంతాది,” అన్నాడు మామ.