చివరి బెంచీలో బోర్డు సభ్యురాలు

మా క్రైస్తవ కాలేజీ బోర్డులో అధ్యాపకుల తరఫున కొన్నేళ్లు కూర్చున్నాను. ప్రార్థనతో మొదలై సమోసాలతో ముగిసే ఆ సమావేశాల్లో నా పని వినడం, అందరితో పాటు చెయ్యెత్తడం. ఆ రోజు మాత్రం చెయ్యి లేవలేదు. వచ్చే ఏడు నుంచి తెలుగు బీఏ ఆపేయాలా అన్నది చర్చ. ఆ క్లాసు చెప్పేది నేనే. పిల్లలు ఎనిమిది మంది.

అధ్యక్షులు కోస్తా నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో స్థిరపడిన పెద్ద పాస్టరుగారు. మేమంతా అయ్యగారనే పిలుస్తాం. ఆయన నా వైపు చూడకుండానే, "అందరికీ సమ్మతమేనాండీ?" అన్నారు. నా ఉద్యోగం కోసం నేనే వాదించుకోవడానికి సిగ్గేసి తల దించుకున్నాను.

"జెర ఆగుండ్రి అయ్యగారూ," అన్నారొకావిడ. బోయిన్‌పల్లి నుంచి ఆ నెలే బోర్డులోకి వచ్చిన రిటైరైన నర్సు. "ఆ క్లాసు నేను సూడనే లేదు. పేషెంటు మొకం సూడకుండ, ఫైలు సూసి ఇంటికి పంపుతమా?"

ఎవరో నవ్వారు. అయ్యగారు నవ్వలేదు. విషయాన్ని వచ్చే నెలకు వాయిదా వేశారు.

మర్నాడే ఆవిడ టిఫిన్ డబ్బాతో వచ్చి నా క్లాసులో చివరి బెంచీలో కూర్చున్నారు. రెండో రోజుకు పిల్లలు ఆవిడ డబ్బాలోని సర్వపిండి పంచుకు తింటున్నారు. మూడో రోజు ఒకమ్మాయి, మార్కెట్లో కూరగాయల మూటలు దించే తన తండ్రి గురించి రాసింది చదువుతూ మధ్యలో ఆగిపోయింది. ఆవిడ లేచి వెళ్లి పక్కన కూర్చుని, "సదువు బిడ్డా, నేనింటున్న," అన్నారు. ఆ పిల్ల చివరిదాకా చదివింది.

మరుసటి సమావేశంలో ఆవిడ నా పక్షాన మాట్లాడతారని ఆశపడ్డాను. ఆవిడ నా వైపు తిరిగి, "బిడ్డా, నువ్వు జెర బయట కూసో. ఇది నీ నౌకరి ముచ్చట. నువ్వు ఎదురుంగుంటే మేం సక్కగ మాట్లాడలేం," అన్నారు.

వరండాలో కూర్చుంటే కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. పోయిన నెల నేనే లేచి బయటికి రావాల్సిందని కాసేపటికి తోచింది.

తలుపు తెరుచుకుంది. అయ్యగారు వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"రెండేళ్లు గడువిచ్చామమ్మా. పిల్లలు ఇరవై మందైనా కాకపోతే మూసేయాల్సిందే." బోర్డు గది వైపు చూపిస్తూ అన్నారు: "పదేళ్లుగా ఆ కుర్చీలో ఉన్నాను. ఒక్క క్లాసులోనూ కూర్చోలేదు. రేపు నేనూ రావచ్చా?"

"పదింటికి రండి అయ్యగారూ," అన్నాను.

ఆయన వచ్చారు. ఆ తర్వాత మిగతా సభ్యులూ ఒక్కొక్కరే వచ్చారు. కొత్త పిల్లల్ని చేర్పించడానికి మేం ఎంత తిరిగినా రెండేళ్లలో పిల్లలు పదకొండు మందే అయ్యారు. మళ్లీ ఆ చర్చ వచ్చినప్పుడు ఎవరూ చెప్పకముందే లేచి బయటికి వెళ్లాను. బీఏ ఆగిపోయింది. నాకు మిగతా కోర్సుల పిల్లలకు తెలుగు చెప్పే పని ఇచ్చారు.

ఆ సాయంత్రం మెట్ల దగ్గర నర్సుగారు నా కోసం ఆగి ఉన్నారు.

"ఈసారి నేను సుత మూసెయ్యమనే అన్న బిడ్డా," అన్నారు. ఆవిడ కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఇద్దరం బస్టాపు దాకా మెల్లగా నడిచాం.