లెక్కపెట్టని మంద

వనజాక్షికి కూర్చుంటే నిలకడ లేదు, లేచి నిలబడితే అంతకన్నా లేదు. ఆంత్రోపాలజీ డిపార్ట్‌మెంట్ వరండాలో పొద్దున తొమ్మిదింటి నుంచి అదే పని: కూర్చోవడం, లేవడం, గది తలుపు వైపు చూడడం. లోపల ఆమె పీహెచ్‌డీ మౌఖిక పరీక్షకు బోర్డు కూర్చుంది. ఇది రెండోసారి. మొదటిసారి తప్పింది. ఈసారీ తప్పితే రిజిస్ట్రేషన్ రద్దు, అయిదేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

ఎందుకు తప్పిందంటారా? చదవక మాత్రం కాదు. ముదిగుబ్బ దగ్గరి గొర్రెల కాపర్ల మీద ఆమె పరిశోధన. తండ్రి ఈరప్ప కాపరే, ఆ మంద వెంట తిరిగి పెరిగిన పిల్ల ఆమె. రాసిన థీసిస్‌లో మేత, రోగాలు, నీళ్ల కోసం నడిచిన దారులు అన్నీ ఉన్నాయి. 'మందలో గొర్రెల సంఖ్య' అనే గడి ఒక్కటే ఖాళీ. బయటి ఊరి నుంచి పరీక్షించడానికి వచ్చిన కేశవ సారు ఆ గడి మీద వేలు పెట్టాడు. "మంద వెంట తిరిగానంటావు, ఎన్ని ఉన్నాయో తెలీదంటావు. అసలు అక్కడికి వెళ్లావా?" అన్నాడు. ఆమె తల దించుకుని బయటికొచ్చేసింది.

ఏం చెబుతుంది పాపం? వాళ్లింట్లో గొర్రెల్ని లెక్కపెట్టరు. లెక్కపెడితే మందకు దిష్టి తగులుతుందని తాతల నాటి మాట. ఇంత చదివిన పిల్ల అదంతా నమ్ముతుందా అంటారేమో! నమ్మకపోవడం వేరు, నాయన కళ్ల ముందు ఆ పని చేయడం వేరు.

పోయిన ఆదివారం దానికీ తెగించింది. సాయంత్రం గొర్రెల దొడ్డి పక్కన నిలబడి, గొర్రెకొక వేరుసెనక్కాయ గింజ చొప్పున చున్నీలో వేసుకుంటూ పోయింది. ఇరవై దాకా వచ్చిందో లేదో, వెనకాల నాయన.

"ఏం చేస్తాండావు పాపా?"

"సెనక్కాయలు తింటాండా నాయనా."

ఈరప్ప చున్నీ వైపు చూశాడు, దొడ్డి వైపు చూశాడు, ఇంట్లోకి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది. ఆమె ఆ గింజలన్నీ నోట్లో పోసుకుని నమిలేసింది. లెక్కా పోయింది, ఆ రోజు నుంచి మనశ్శాంతీ పోయింది.

తలుపు తెరుచుకుంది. గైడు హేమావతి మేడమ్ తల బయట పెట్టి, "రామ్మా. ఆ గడి నింపినావా?" అంది.

"లేదు మేడమ్."

"అయ్యో నా తల్లీ!" మేడమ్ నెత్తి కొట్టుకున్నంత పని చేసింది.

లోపల కేశవ సారు మళ్లీ అదే పేజీ తీశాడు, అదే గడి మీద అదే వేలు. "ఈసారైనా చెప్తావా, ఎన్ని?"

"లెక్క తెలీదు సార్." ఆమె నేరుగా ఆయన మొహం వైపు చూసింది. "మా ఇంట్లో లెక్కపెట్టరు. ఒకటి తప్పిపోతే ఏది పోయిందో మా నాయన చెప్తాడు గానీ, ఎన్ని మిగిలినాయో చెప్పలేడు. ఏవేవి ఉండాయో అడగండి, చెప్తా."

"చెప్పు, చూద్దాం."

మొదలుపెట్టింది. బొల్లి మొగంది, దాని కూతుళ్లిద్దరు. పెద్దకూతురికి కరువు ఏడాది పుట్టిన కుంటిది. రాప్తాడు నుంచి తోలుకొచ్చిన మొండిచెవుల పొట్టేలు. వానకు తడిసి జ్వరమొచ్చి ఆమె పక్కలోనే పడుకున్న ఎర్రది. తల్లి వెంట బిడ్డ, బిడ్డ వెంట దాని బిడ్డ. "ఉండండి సార్, తల్లి చచ్చిన పిల్ల ఒకటుండాది. మరిచిపోతే పాపం," అంది మధ్యలో. కేశవ సారు తల ఎత్తకుండా కాగితం మీద గీతలు గీస్తూనే ఉన్నాడు.

ఆమె ఆగాక గీతలు కూడాడు. "అరవై మూడు. సరేనా?"

"నాకు తెలీదు సార్. లెక్కపెట్టింది మీరు." ఒక్క క్షణం తటపటాయించింది. "మా నాయనకు మాత్రం చెప్పొద్దండి."

హేమావతి మేడమ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కేశవ సారు గీతల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. "ఆ గడి కొట్టేసి, ఇప్పుడు చెప్పిందంతా రాసివ్వు. పాసయ్యావు, వెళ్లు."

బయటికొచ్చి ఫోన్ చేసింది. "నాయనా, గట్టెక్కినా!" అంటుండగానే ఏడుపొచ్చేసింది.

"ఏమడిగినారు పాపా?"

"మన గొర్రెల్నే. ఒక్కొక్కటీ చెప్పినా."

అవతల ఈరప్ప గొంతు సవరించుకున్నాడు. "ఆదివారం తిన్న సెనక్కాయలు అరిగినాయా?"

వనజాక్షికి సిగ్గుతో చచ్చినంత పనైంది. "అరిగినాయి నాయనా."

"సరేలే. ఎర్రది పొద్దున్నే ఈనింది, రెండు పిల్లలు. వాటిని చెప్పలేదు కదా?"

వారం రోజుల తర్వాత మొదటిసారి ఆమె వరండా కుర్చీలో వెనక్కి జారగిలబడి కూర్చుంది.

"లేదు నాయనా. వాటి సంగతి అడిగిన సారుకు తెలీదులే."