గాజులకు విడిచిన చోటు

నేను బడికి పోయినదాన్ని కాను. నాకు లెక్కలు నేర్పింది బట్ట. మెట్టుగూడలో రైల్వేవాళ్ల ఇళ్ల మధ్య రవికెలు కుట్టేదాన్ని. బట్ట పన్నా, అంటే వెడల్పు చూసి, మనిషిని చూసి, ఎంత గుడ్డ మిగులుతుందో కత్తెర పెట్టకముందే చెప్పేదాన్ని. పేలిక కూడా వృథా పోయేది కాదు. అందుకేనేమో, తప్పిన ఒక్క లెక్క ఇప్పటికీ మింగుడుపడదు.

పోలీసు యాక్షన్ జరిగిన ఏడు, వానల్లో, నా కుడి బొటనవేలి మొదట్లో నొప్పి మొదలైంది. ముందు కత్తెర మూసేటప్పుడు, తర్వాత చెంబు ఎత్తేటప్పుడు, చివరికి జడ వేసుకునేటప్పుడు కూడా. బొటనవేలిని లోపల పెట్టి పిడికిలి బిగించి, మణికట్టును కిందికి వంచితే ప్రాణం పోయినట్టుండేది. మా ఆయన రైలింజనులో బొగ్గు వేసేవాడు. బెజవాడ వైపు బండి మీద వెళ్లి, రైళ్లు ఆగిపోవడంతో అక్కడే ఎక్కడో చిక్కుకున్నాడు. ఎక్కడున్నాడో చెప్పేవాళ్లు లేరు. తిరుమలగిరి మిలిటరీ లైన్ల వైపు నుంచి వచ్చినవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పేవారు. ఇంట్లో మా అత్తమ్మ, నేను. నా కత్తెర ఆగితే పొయ్యి ఆగుతుంది.

మా గల్లీ చివర, విరిగిన ఎముకలకు కట్లు కట్టే ముసలాయన ఉండేవాడు. ముస్లింలే అయినా వాళ్లింట్లో మాట తెలుగే. గల్లీ అంతా ఆయన్ను చాచా అనే పిలిచేది. నా చెయ్యి పట్టి నెమ్మదిగా నొక్కి చూసి, ఇది ఎముక తక్లీఫ్ కాదు, నరం వాచింది అన్నాడు. బొటనవేలూ మణికట్టూ రెండూ కదలకుండా కొన్నాళ్లు బద్ద కట్టుకుంటే తగ్గుతుందట. కొలత నేనే ఇచ్చాను, రవికె చేతికి తీసినట్టే: వేలి కణుపు నుంచి ముంజేయి సగం దాకా. ఆయన వెదురు చీల్చి, వేలి మొదట్లో గుంత వచ్చేలా చెక్కి, లోపల దూది పరిచి తెచ్చాడు. పెట్టి చూస్తే గాజులు అడ్డం వచ్చాయి. పైకి తోసినా బద్ద మీదికే జారేవి.

"తీసెయ్యి బిడ్డా. బద్ద తోలుకు ఆనాలె, గాజుకు కాదు," అన్నాడు.

మా అత్తమ్మ గడప దగ్గరే కూర్చుని ఉంది. "కొడుకు ఏడున్నడో తెల్వదు. గిప్పుడు బోసి చెయ్యి చూపెడ్తవా నాకు?" అంది, నా వైపు చూడకుండా.

చాచా నవ్వాడు. "కుడి చేతివి ఎడమకు ఎక్కించు. నువ్వు లెక్కల మనిషివి గద, సరిపోతయి."

"గాజుల కాడ లెక్కలు నడువయి," అంది అత్తమ్మ.

ఆమె మీద నెట్టేసి తప్పించుకోను. ఆమె ఊరుకుని ఉన్నా నేను తీసేదాన్ని కాదు. చాచా చెప్పిన లెక్క సరైందని నాకు అప్పుడే తెలుసు. అయినా చెయ్యి గాజుల మీదికి పోలేదు. గాజులకు చోటు విడిచి బద్దను కురచ చెయ్యమన్నాను. ఆయన రంపం తీసి నాలుగు వేళ్లంత ముక్క కోసి నా ఒళ్లో పెట్టాడు. "వేలు ఆగుతది గని మణికట్టు ఆగదు. జెర యాది పెట్టుకో," అన్నాడు.

ఆయన అన్నట్టే అయింది. వేలు కట్టులో ఉన్నా మణికట్టు కత్తెరతో పాటు ఊగేది. సాయంత్రానికి బద్ద చుట్టూ వాపు పొంగేది.

రైళ్లు మళ్లీ నడిచాక మా ఆయన వచ్చాడు, బొగ్గుమసితో, ఒంటి మీద గీత కూడా పడకుండా. నా చెయ్యి చూసి అంతా అడిగి తెలుసుకున్నాడు. తర్వాత తన వేలు చూపించాడు. "బాయిలర్ కాడ కాలితే లగ్గంల పెట్టిన ఉంగరం తీసి జేబుల ఏసుకున్న. నీకేమన్న అయిందా?"

అత్తమ్మ లేచి లోపలికి వెళ్లింది. ఆయనే నా కుడి చేతి గాజులు ఒక్కొక్కటీ తీసి ఎడమ చేతికి ఎక్కించాడు. అన్నీ పట్టాయి.

పొడుగు బద్ద చేయించుకుందామని వెంటనే గల్లీ చివరికి వెళ్లాం. తలుపుకు తాళం ఉంది. ఆ గడబిడలో భయపడి కొడుకులు ఆయన్ను పట్నంలో చుట్టాలింటికి తీసుకుపోయారని పక్కింటివాళ్లు చెప్పారు. ఎవరి ఇల్లో వాళ్లకూ తెలియదు. ఆయన మళ్లీ రాలేదు. వడ్రంగితో ఒకటి చేయించాం. కొలత నాదే, వెదురు మంచిదే. కాని వేలి మొదట్లో ఆ గుంత అతనికి కుదరలేదు, అది ఒరుసుకుని పుండైంది. అప్పుడు మా ఆయన చాచా బద్దకే, నేను దాచిన ముక్కను తీగతో బిగించి కట్టాడు. చెయ్యి ఎత్తగానే అతుకు దగ్గర వంగింది. ఆ అతుకు సరిగ్గా మణికట్టు మీదే ఉంది.

ఆ చెయ్యి మళ్లీ బాగుపడలేదు, ఇప్పుడు కత్తెర పట్టదు. కొలత నేను చెబుతాను, మా అమ్మాయి కత్తిరిస్తుంది. ఆమె కోతలో ప్రతి రవికెకూ కాస్త గుడ్డ వృథా పోతుంది. ఆ పేలికలను నేను ఎడమ చేత్తో ఏరి దాస్తాను.