అచ్చు మూలన వడ్లగింజ

బందరులో కలంకారీ అద్దకానికి చెక్క అచ్చులు చెక్కే సాయిబుగారు, ఎవరేం అడిగినా ముందు చెక్క మీది పొట్టు ఉఫ్‌మని ఊదేవారు, ఆ తరవాతే జవాబు. ప్రతి అచ్చు మూలనా వడ్లగింజంత గీత పెట్టేవారు. అది ఆయన గుర్తని ఊళ్లో అద్దకంవాళ్లందరికీ తెలుసు.

కోడూరులో మా వరిపొలాల్ని చవుడు చేస్తున్న రొయ్యల చెరువులకు వ్యతిరేకంగా ఊరేగింపు తలపెట్టాం. నోరెత్తితే జైల్లో వేసే నగరం గురించిన బొమ్మల నవల ఒకటి ఆయన దగ్గరికి పట్టుకెళ్లాను. అది సినిమాగా తెలుగులో కూడా వచ్చింది. ఆ నవలలో జనం గోడల మీద అచ్చువేసే తెరిచిన నోటి బొమ్మ మా జెండాలకు కావాలన్నాను.

ఇంగ్లీషు రాని ఆయన బొమ్మలు చూస్తూ పేజీలు తిప్పి ఒకచోట ఆగారు. అక్కడ అచ్చు చెక్కినవాణ్ణి అందరికంటే ముందు పట్టుకుపోతున్నారు.

"ఈ సినిమా గుడివాడలో చూశాను బాబూ. అందులో ఇతను లేడే?"

"సినిమాలో తీసేశారండీ. ఈ ఒక్క అచ్చు మీద మీ గుర్తు వద్దండీ."

ఉఫ్‌మని ఊదారు. "గుర్తు లేకుండా ఇంతవరకూ ఏదీ చెక్కలేదు బాబూ."

ఊరేగింపు రోజు పొద్దున జెండా విప్పితే నోటి బొమ్మ మూలన వడ్లగింజ ఉంది. సాయంత్రం బందరు పరుగెత్తాను. పక్క కొట్టాయన నా వంక చూడకుండానే, "మధ్యాహ్నం పోలీసులు జీపులో ఎక్కించుకెళ్లారు" అన్నాడు.

తలుపు తీసే ఉంది. సగం చెక్కిన అచ్చు మీద పొట్టు అలాగే ఉంది.