సిద్దమ్మ చెప్పని దోన

మా పక్కింటి సిద్దమ్మకు కాలనీలో ఎవరూ గిట్టరు. కాలనీకీ ఆమె గిట్టదు. గవర్నమెంటు ఇచ్చిన ఇంట్లో పడుకుంటుందే గాని, ఏనాడూ అక్కడ పొయ్యి వెలిగించలేదు. తెల్లవారగానే బిందె, పార పట్టుకుని గుండుమల కొండ ఎక్కుతుంది. పొద్దుగుంకితే దిగుతుంది.

"పారెందుకు సిద్దక్కా?" అని ఒకరోజు గోడ మీదుగా అడిగాను.

"నీ నోరు పూడ్చనీకి."

అంతమాట పడ్డాక ఊరుకోవడం నావల్ల కాదు. మోకాళ్ల నొప్పులతోనే వెనకాల ఎక్కాను.

పైన గోడలు కూలిన ఇళ్లు. కాలనీవాళ్ల పాత ఊరు అదే. వాళ్లను బతికించింది బండలో వాననీళ్లు నిలిచే పెద్ద గుంట. దాన్ని దోన అంటారు. దిగువ పక్క పెద్దలు రాళ్లూ గచ్చూ పెట్టి కట్ట కట్టారు. ఇంటింటికీ వంతు ప్రకారం నీళ్లు వదిలే కావలి సిద్దమ్మ మామది. కింద కొళాయి వచ్చాక ఊరంతా దిగిపోయింది. ఈమె ఒక్కతే ఇప్పటికీ పూడిక తీస్తోంది. గొర్రెలు తాగితే ఏమీ అనదు. మనుషులను మాత్రం దగ్గరికి రానివ్వదు.

నన్ను చూడగానే రాయి అందుకుంది. "చెప్పులిడ్సి రా. లేదంటే ఆడ్నించి ఆడ్నే పో."

విడిచాను. "ఇట్లాంటిది ఇంగోటి ఉండాదంట గదా, మీ ఇంటోళ్లకే తెలుసంట?"

"కూచోకముందే కూపీ తీస్తాండావు," అని ముఖం తిప్పుకుంది.

గొర్రెల బసప్పకు నాపాటి ఓపిక కూడా లేదు. రోజూ పార పట్టుకుపోయే ముసలిది నిధికి కాపలా కాస్తోందని అతని నమ్మకం. పాడుపడ్డ ఊరు కనబడితే గునపాలతో దిగే మనుషులకు మా వైపు కొదవ లేదు. ఒక అమావాస్యకు నిమ్మకాయలు, కోడి పట్టుకుని ఇద్దరిని వెంటేసుకుని వెళ్లాడు. దోన కట్టనే నిధికి మూత అనుకుని పెళ్లగించాడు. నిధి లేదు. తెల్లవారేసరికి నీళ్లూ లేవు.

సిద్దమ్మ దిగివచ్చి బసప్ప వాకిట్లో మన్నెత్తి పోసింది. "నీ గొర్రెలు తాగే నీళ్లు గదరా అవి!"

"పిచ్చి ముండ," అని నవ్వాడు బసప్ప.

ఎండలు ముదిరాయి. కాలనీ బోరు ఎండింది. ట్యాంకరు నీళ్లు మనుషులకే చాలడం లేదు. అప్పుడొచ్చాడు బసప్ప, సిద్దమ్మ గుమ్మంలోకి.

"అత్తా, ఇంగో దోన ఉండాదంట గదా."

"ఉండాది."

"యాడ?"

"తవ్వుకో. తవ్వేది బాగా నేర్చినావు గదా."

నేను మధ్యలో దూరాను. "నోరులేని గొర్రెలేం చేసినాయి సిద్దక్కా? నాకన్నా చెప్పు."

"నీకు చెప్తే కళ్యాణదుర్గం బస్టాండులో గూడా తెలుస్తాది."

మరునాడు ఆమె బిందెతో బయలుదేరింది. బసప్ప మందను తోలుకుని వెనకే నడిచాడు. సగం కొండలో ఆమె వెనక్కి చూసి, దారికడ్డంగా బిందె బోర్లించి కూర్చుంది. అతనూ కూర్చున్నాడు. కొంచెం కింద నేనూ కూర్చున్నాను. ఎండ నెత్తికెక్కింది, గొర్రెలు అరిచి అరిచి ఊరుకున్నాయి. ముగ్గురిలో ఒక్కరూ లేవలేదు.

పొద్దు వాలాక బసప్ప లేచి, "నీ నీళ్లు నీతోనే పాడెక్కనీ," అని ఉమ్మి, మందను దించాడు. ఆ వారం సంతలో అయినకాడికి అమ్మేశాడు.

సిద్దమ్మ ఖాళీ బిందెతోనే ఇంటికొచ్చింది. గోడ మీద ఒక చెంబుడు నీళ్లు పెట్టాను. పొద్దున చూస్తే చెంబు అట్లాగే నిండుగా ఉంది, పైన చీమలు తేలుతూ.